నరంలో చీము

నాన్న నిమోనియాతో ఆసుపత్రిలో చేరిన ఆరో రోజది. దగ్గు తగ్గింది. తెల్లారితే ఇంటికి పంపిస్తామన్నారు. ఆ రాత్రే వణుకుతో జ్వరం తిరగబెట్టింది. "చేతి నరం తాడులా బిగిసింది చూడు" అంది అమ్మ. అయిదు రోజులుగా అదే సెలైన్ సూది. అంతకుముందు రోజు అడిగితే "బాగానే పోతోందిగా" అన్నారు. తీసేస్తే ఆ రంధ్రంలోంచి చీము!

మనం నరం అనేదాన్ని డాక్టర్లు సిర అంటారు. దాని లోపలి గోడ దెబ్బతింటే రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డలో క్రిములు చేరితే సెప్టిక్ థ్రాంబోఫ్లెబైటిస్. క్రిములు అక్కడ కాపురం పెట్టి, రక్తంలోకి దిగుతూనే ఉంటాయి. గడ్డ ముక్కలు ఊడి ఊపిరితిత్తుల్లోనూ చీము పట్టించగలవు. నాన్నకి రక్తం కల్చర్ పరీక్ష చేసి, రెండో చేతికి సూది మార్చి, రెండు వారాలు యాంటీబయాటిక్స్ ఎక్కించారు. కొందరికి ఆ సిర ముక్కని కోసి తీసేయాల్సి వస్తుందట. నాన్నకి ఆ అవసరం రాలేదు.

ఈ జబ్బు చేతికే పరిమితం కాదని డ్యూటీ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. ముక్కు మీదో పైపెదవి మీదో సెగ్గడ్డని గిల్లితే, క్రిములు కళ్ల వెనకున్న సిరల దాకా పోవచ్చు. తలనొప్పి, రెప్పల వాపు, కన్ను ముందుకు పొడుచుకురావడం దాని లక్షణాలు. చిన్నప్పుడు ముక్కు మీద చెయ్యి పెడితే చాలు, నానమ్మ ఫట్‌మని కొట్టేది. ఏ డాక్టరు చెప్పాడో ఆవిడకి! అపెండిక్స్ ముదిరితే కాలేయానికి వెళ్లే సిరలోనూ ఇదే రావచ్చు.

నన్ను భయపెట్టింది మాత్రం గొంతునొప్పి కథ. 1936లో లెమియేర్ అనే ఫ్రెంచి వైద్యుడు ఇరవై కేసులు రాశాడు. గొంతులో మొదలైన ఇన్‌ఫెక్షన్ మెడ సిరలోకి దిగింది. ఇరవై మందిలో పద్దెనిమిది మంది పోయారు. యాంటీబయాటిక్స్ ఇంకా చేతికందని రోజులవి. ఇప్పుడు చాలామంది బతుకుతున్నారు. అయితే ఇది ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్న కుర్రకారుకే వస్తుంది. గొంతునొప్పి తర్వాత మెడ ఒకవైపే వాచి, చలిజ్వరం వస్తే ఆగకూడదు.

కాన్పు తర్వాత పొత్తికడుపు సిరల్లో వచ్చే రకం మరీ దొంగది. మందులు వాడుతున్నా జ్వరం దిగదు, పైకి ఏమీ కనిపించదు. 'పాల జ్వరంలే' అని ఇంట్లోవాళ్లు సర్దుకుంటారు. మా పిన్ని కూతురికి ఆపరేషనై అయిదో రోజుకీ జ్వరం తగ్గలేదంటే ఫోన్లో అడిగాను, స్కాన్ తీశారా అని. ఆ సాయంత్రమే తీయించారు. గడ్డ లేదు, మూత్రంలో ఇన్‌ఫెక్షనట.