గండికోట అంచున... సంగటి ముద్ద!

కింద పెన్నా లోయ. పైన ఆకాశం నిండా చుక్కలు. మధ్యలో పొయ్యి మీద కుతకుతమంటూ సంగటి... గండికోటలో ఓ రాత్రి గుడారంలో గడపాలనుకునే వాళ్లందరి కళ్ల ముందూ మెదిలే దృశ్యమిది. కానీ ఆ ముద్ద నోటిదాకా రావాలంటే వంట మొదలవ్వాల్సింది గండికోటలో కాదు... ముందురోజు ఇంట్లో!

వైఎస్సార్ కడప జిల్లా జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు వెళ్తే గండికోట వస్తుంది. ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పెన్నా నది పారేది ఇక్కడే. ఎర్రటి రాళ్లను ఎవరో పేర్చినట్టుండే ఆ లోయను చూసే దీనికి 'భారతదేశపు గ్రాండ్ కాన్యన్' అని పేరొచ్చింది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా శని, ఆదివారాలొస్తే చాలు... హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల నుంచి కుటుంబాలు కార్లేసుకుని వచ్చేస్తుంటాయి. గుడారాలు అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. కాబట్టి పడకకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా కడుపుతోనే!

కారు డిక్కీలో చిప్స్ పొట్లాలుంటాయి, బ్రెడ్డుంటుంది, నూడుల్సుంటాయి. సాయంత్రం సూర్యాస్తమయం చూస్తూ చిప్స్ అయిపోతాయి. ఏడింటికి లోయ మీద నుంచి చలిగాలి మొదలవుతుంది. కోటంతా తిరిగిన కాళ్లు, గాలికి రెట్టింపైన ఆకలి. చిన్న స్టవ్వు వెలిగిస్తే ఆ గాలికి మంట నిలవదు. తెచ్చిన నీళ్లు అప్పటికే సగం తాగేసి ఉంటారు. పిల్లలు 'అమ్మా, ఆకలి' అని గునుస్తుంటే నాన్న కారు తాళాలు తీసుకుని చీకట్లో జమ్మలమడుగు దారి పడతాడు. ఇంటికెళ్లాక పిల్లలకు లోయ గుర్తుండదు... ఆ ఆకలే గుర్తుంటుంది.

కోట చెప్పే పాఠం

నిజానికి ఇక్కడికొచ్చే వాళ్లకు తిండి సంగతి కోటే చెబుతుంది. జామియా మసీదు పక్కనే ఉన్న పెద్ద ధాన్యాగారాన్ని చూడండి. మందపాటి గోడలు, కమానుల పైకప్పు. ఇంకాస్త ముందుకెళ్తే రాయలచెరువు. మసీదు దగ్గరే కత్తుల కోనేరు. పక్కనే నది పారుతున్నా కొండమీద ఇన్ని నీటి ఏర్పాట్లు ఎందుకంటే... ఆ నది నిట్టనిలువు గోడల అడుగున ఉంది కాబట్టి. కనిపిస్తుంది, అందదు! పెమ్మసాని నాయకుల కాలంలోనైనా, ఆ తర్వాత 17వ శతాబ్దంలో మీర్ జుమ్లా చేతికి వచ్చాకైనా... శత్రువు చుట్టుముడితే లోపలి వాళ్లను బతికించేది గింజలూ నీళ్లే. ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే 1652లో మీర్ జుమ్లాను కలవడానికి వచ్చింది కూడా ఈ కోటకే.

ఒక్క రాత్రి గుడారం వేసుకునే కుటుంబానికి అంత హంగామా అక్కర్లేదు కానీ లెక్క మాత్రం అదే. వంటకం ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దీనికి నీళ్లెన్ని కావాలి? మంట ఎంతసేపు కావాలి? చేసేదాకా, తినేదాకా పాడవకుండా ఉంటుందా? ఈ మూడింటిలో నెగ్గిన వంటకమే గండికోట దాకా రావాలి. ఇంట్లో ఎంత ఇష్టంగా తిన్నా సరే, ఓడిపోయింది ఇంట్లోనే ఉండాలి.

ఉదాహరణకు నూడుల్స్. త్వరగా ఉడుకుతాయి, నిజమే. కానీ గంటకల్లా మళ్లీ ఆకలి. పూరీలంటే నూనె మూకుడు, గాలికి ఎగిసే మంట... ప్రమాదం. బిర్యానీకి సామానూ ఎక్కువే, సమయమూ ఎక్కువే. మారేడుమిల్లిలో తిన్న బొంగులో చికెన్ ఇక్కడా చేద్దామనుకునే వాళ్లుంటారు. అక్కడ పచ్చి వెదురు చేతికందుతుంది. మసాలా పట్టించిన మాంసం ఆ బొంగులోని తేమతోనే ఉడుకుతుంది. ఎండు గడ్డి, రాళ్లు తప్ప ఏమీ లేని ఈ కొండమీద దానికి చోటు లేదు. ఏ నేలకు ఆ తిండి!

దారిలో సద్దిమూట

ప్రయాణాల్లో ఏం తినాలో తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. గొర్రెలు తోలుకుని రోజుల తరబడి తిరిగే కాపరులకూ, ఎద్దుల బండ్లమీద తిరునాళ్లకు వెళ్లిన తాతలకూ సద్దిమూటే కదా హోటలు! శనివారం మధ్యాహ్న భోజనాన్ని ఆ మూటకే వదిలేయాలి.

పులిహోర ఊరికే ప్రయాణాల వంట కాలేదు. చింతపండు పులుపు, నూనె, ఉప్పు... ఈ మూడూ అన్నం తొందరగా పాడవకుండా కాస్తాయి. మామూలు అన్నం అలా కాదు. వేడి తగ్గకుండా మూతపెట్టి గంటలకొద్దీ ఉంచితే కడుపు చెడగొడుతుంది. అందుకే పులిహోరకైనా సరే, అన్నాన్ని పళ్లెంలో ఆరబెట్టాకే కలిపి డబ్బాకెత్తాలి. ఇక దద్దోజనం. పెరుగుతో కలిపితే మధ్యాహ్నానికే పులుస్తుంది. మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చటి పాలు ఎక్కువగా పోసి, ఒక్క చెంచా పెరుగు తోడేసి తెస్తే... దారిలోనే తోడుకుని తినే వేళకు కమ్మగా ఉంటుంది. బామ్మలకు తెలిసిన కిటుకే ఇది!

రాత్రికి సంగటి

గండికోటలో రాత్రి భోజనానికి రాగిసంగటిని మించింది లేదు. ఒకటే గిన్నె, కొద్ది నీళ్లు, కడుపు నిండుతుంది, తెల్లారేదాకా ఆకలనిపించదు. పైగా ఇది ఈ సీమ తిండి. ఒక గ్లాసు బియ్యానికి గ్లాసు రాగిపిండి, నాలుగైదు గ్లాసుల నీళ్లు చాలు. బియ్యాన్ని అరగంట ముందు నానబెడితే మంట ఆదా. అన్నం మెత్తగా, జారుగా ఉడికాక పిండిని మధ్యలో కుప్పగా పోయాలి. కలపకూడదు! తెడ్డు కాడతో కుప్పలో ఓ గుంట చేసి, మూతపెట్టి సన్నని సెగమీద ఐదారు నిమిషాలు మగ్గనివ్వాలి. తర్వాత దించి, ఉండకట్టకుండా గట్టిగా తిప్పాలి. ఇక్కడ ఇంట్లో మగవాళ్లకూ పని దొరుకుతుంది. చేతులు తడుపుకుని ముద్దలు చేసి, పైన చెంచాడు నెయ్యి వేస్తే... అంతే!

పక్కన ఏంటి? వేయించిన వేరుశనగ గింజలు, ఎండుమిర్చి, చింతపండు, ఉప్పు కలిపి ఇంట్లోనే బరకగా పొడి కొట్టుకు రావచ్చు. ఇక్కడ ఉల్లిపాయ తరిగి, కాసిని నీళ్లు కలిపితే ఊరిబిండి లాంటి పచ్చడి సిద్ధం. నిప్పులమీద రెండు వంకాయలు కాల్చి, పొట్టు తీసి, అదే పొడితో కలిపితే రెండో కూర. పప్పు కావాలంటే కందిపప్పు కన్నా పెసరపప్పు నయం. త్వరగా ఉడుకుతుంది. పిల్లలకైతే నిప్పుల్లో నాలుగు గెనుసుగడ్డలు పడేయండి. అవి కాలేదాకా పొయ్యి చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు.

రాత్రి ఓ ముద్ద మిగిలిందా? పారేయొద్దు. నీళ్లు పోసి మూతపెట్టి ఉంచండి. తెల్లారి చేత్తో పిసికి, మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేస్తే చల్లటి అంబలి.

నాటుకోడి కావాలంటే...

సంగటికి నాటుకోడి పులుసు తోడైతే ఆ రుచే వేరు. కాదనే వాళ్లెవరు? కానీ అతి జాగ్రత్త అవసరమయ్యేదీ దీనికే. ఊళ్లో పొద్దున్నే కొని, కారు డిక్కీలో పెట్టుకుని రావడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. పచ్చి మాంసాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఎండ మండుతుంటే గంటే గడువు. కాబట్టి సాయంత్రం జమ్మలమడుగులో కొట్టించుకుని, ఐసు పెట్టెలో పెట్టుకుని రావడమే మేలు. నలుగురికి కిలో సరిపోతుంది. నాటుకోడి ఉడకడానికి సమయం పడుతుంది కాబట్టి ప్రెషర్ కుక్కర్ ఉండాల్సిందే. మసాలా ముద్ద ఇంట్లోనే నూరి, నూనెలో వేయించి సీసాలో తెచ్చుకుంటే సగం వంట అయిపోయినట్టే. పచ్చి మాంసం తాకిన కత్తి, పళ్లెం విడిగా పెట్టాలి. నీళ్లు తక్కువున్న చోట ఇదే ఎక్కువమంది మరిచిపోయే సంగతి. అంత జంజాటం వద్దనుకుంటే ఇంట్లో ఉడికించి, పొట్టు తీయకుండా తెచ్చిన గుడ్లతో పులుసు పెట్టుకోవచ్చు.

పొద్దున్నే ఉగ్గాణి

తెల్లవారుజామునే లేచి లోయ అంచున సూర్యోదయం చూసి వచ్చేసరికి మళ్లీ ఆకలి. ఇడ్లీలకు అంత తీరికేదీ! సీమవాళ్ల ఉగ్గాణి ఉన్నది ఇందుకే. బొరుగులకు బరువు లేదు, ఉడికించే పని లేదు, పాడయ్యే భయం లేదు. నీళ్లలో ఒక్క నిమిషం ముంచి, పిండి పక్కన పెట్టాలి. పోపులో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, పసుపు వేగాక బొరుగులు వేసి, పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండితే పది నిమిషాల్లో నలుగురికి ఫలహారం. మిరపకాయ బజ్జీలు లేకపోతే లోటే... కానీ వాటిని తిరుగు ప్రయాణంలో ఏ బడ్డీకొట్టు దగ్గరో తినొచ్చు. మూకుడు ఇక్కడికి మోసుకురావద్దు.

పొయ్యి దగ్గర పదిలం

ఎంత మంచి భోజనమైనా పొయ్యి పెట్టిన చోటును బట్టే ఉంటుంది. మొదటిమాట: గుడారం లోపల ఎప్పుడూ వండొద్దు. చలికి నిప్పుల కుంపటి కూడా లోపలికి తేవద్దు. మూసిన గుడారంలో చేరే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రెండోది: లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు. గుడారమూ పొయ్యీ అంచుకు బాగా దూరంగా ఉండాలి. చీకట్లో గిన్నెలు కడగడానికని ఎవరూ అటు వెళ్లకూడదు. మూడోది: కోటలోని గుళ్లు, మసీదు, ధాన్యాగారం రేపటి పిల్లలకూ మిగలాలి. గాలి కొట్టదని వాటి గోడల చాటున మంట పెడితే శతాబ్దాల నాటి రాళ్లు నల్లబారతాయి. గుడారం ఎక్కడ వేయనిస్తారో, మంట ఎక్కడ పెట్టొచ్చో ముందే అడిగి తెలుసుకోవాలి. గ్యాస్ స్టవ్వుకు మూడువైపులా రేకు అడ్డం పెట్టుకుంటే గాలి బాధ తప్పుతుంది. కట్టెలు కావాలంటే కొనుక్కుని రావాలి, చెట్లు నరకొద్దు. చుట్టూ ఎండుగడ్డి తీసేసి, పడుకునే ముందు బూడిద చల్లారేదాకా నీళ్లు పోయాలి.

ఇక సామాను. నలుగురికి ఒక రాత్రికైతే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు ఉండాలి. ఒకటి తాగడానికి, ఒకటి వంటకూ కడుగుడుకూ. డబ్బాలకు డబ్బాలు మోయకుండా ఏ పూటకాపూట కొలిచి పొట్లాలు కట్టుకోవాలి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి కలిపి పోపు పొట్లం. ఉప్పు, పసుపు, కారం చిన్న సీసాల్లో. అన్నింటిమీదా 'శనివారం రాత్రి', 'ఆదివారం పొద్దున' అని రాసి పెడితే చీకట్లో టార్చిలైటుతో వెతుక్కునే పని ఉండదు. రాత్రి తిండి సంచీని కారులో పెట్టి తాళం వేయాలి. లేకపోతే కుక్కలకు విందే!

చివరగా ఒక ఖాళీ గోనెసంచి. గుడ్ల పెంకుల నుంచి నీళ్ల సీసాల దాకా అన్నీ అందులోకే వెళ్లాలి. ఆదివారం గుడారం విప్పేసరికి క్యాన్లు ఖాళీ, పొట్లాలు ఖాళీ. సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని బెలుం గుహలు చూసుకుని ఇల్లు చేరాలనుకునే వాళ్లకు దారిలో మళ్లీ ఆకలేస్తుంది. మిగిలిన బొరుగుల్లో కాస్త వేరుశనగ కారం, ఓ ఉల్లిపాయ కలిపి వెనకసీటుకు అందిస్తే చాలు... గిన్నె ఖాళీ అయ్యేదాకా పిల్లల నుంచి మాటే వినిపించదు!