వేలూరులో కొన్నాళ్లు, గుడియాత్తంలో ఒక పూట

వేలూరు పోయి వచ్చినామనగానే కోట చూచినారా అని కొందరు, ఒంట్లో బాగున్నదా అని మరికొందరు అడుగుతారు. మేము దంపతులము పోయినది మా మేనల్లునికి తోడుగా.

చిత్తూరు నుండి బస్సులో గంట పైచిలుకు ప్రయాణం. 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం గనుక మన భాషకు ఈ తావు కొత్తది కాదు. ఆర్కాటు రోడ్డు లాడ్జీల బోర్డులమీద తెలుగూ బెంగాలీ పక్కపక్కనే కనబడుతవి.

మా వాడు గుడియాత్తంలో ఒక లుంగీల కొట్టులో లెక్కలు రాసేవాడు. భార్య కాన్పుకు పుట్టింటికి పోయినది. మిద్దెమీద ఒంటి గది. రాత్రి తొమ్మిదికి కొట్టు మూస్తే మళ్లీ తెల్లవారేదాకా పలకరించే మనిషి లేడు. అప్పుడు ఫోనులో రమ్మీ పట్టినాడు. "ఎదుటివాని పేరు కనబడితే ఎవరో వచ్చి కూర్చున్నట్టు ఉండేది మామా" అన్నాడు. పోయిన డబ్బు రాబట్టుకొనేందుకు మళ్లీ ఆట, ఆటకు అప్పు, అప్పు దాచేందుకు అబద్ధం. అబద్ధం చెప్పినవారి ముఖం చూడలేక వారినీ తప్పించుకొన్నాడు. తోడు కోసం పట్టిన ఆట ఉన్న నలుగురినీ దూరం చేసినది.

తమిళనాడు 2022లో చట్టం చేసినది. 2023లో హైకోర్టు రమ్మీని ఆ నిషేధం నుండి తప్పించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించినది. అంతటితో మా కష్టం గట్టెక్కినదనుకొన్నాము. వాడు ఫోను వదలి పేకముక్కలు వేసే చోటు వెతుక్కొన్నాడు.

ఊరికి దక్షిణాన బాగాయంలో క్రైస్తవ వైద్య కళాశాలవారి మానసిక ఆరోగ్య కేంద్రం ఉన్నది. 1950ల చివర డాక్టరు ఫ్లారెన్స్ నికల్స్ కాలం నుండి అక్కడ ఒక పద్ధతి: చేరిన రోగితో ఇంటిమనిషి ఉండవలె. మనోవ్యాధి గలవారిని గోడల నడుమ విడిచి వచ్చే ఆ రోజులలో అది వింతే. మాకు మాత్రం ఆ మాట వినగానే గుండెలో రాయి పడినది. ఎవరుంటారు? వాని అన్న ముఖం చాటు చేసినాడు. భార్య, "డబ్బు పోతే పోనీ, నా పసిబిడ్డ తలమీద చేయిపెట్టి అబద్ధమాడినాడు" అని ఫోను పెట్టేసినది. ఆమెను తప్పుపట్టే నోరు మాకు లేదు. చివరకు మేమే ఉన్నాము.

మాత్రలిచ్చి పంపుతారనుకొన్నాము. ఎక్కువ పని మాటలతోనే జరిగినది. ఏ వేళకు చేయి దురద పెడుతుంది, అంతకు ముందు ఏమి తోస్తుంది, ఆ వేళ ఎవరి దగ్గర ఉండగలవు, అన్నీ అడిగినారు. జీతం మరొకరి చేతికి రావలె. అప్పులన్నీ దాచకుండా కాగితంమీద పెట్టవలె. బంధువులు ఒక్కసారిగా తీర్చేయరాదు, తీర్చితే మళ్లీ ఆడే ధైర్యం వస్తుందట. కుదువ పెట్టేందుకు గాజులు సంచిలో తెచ్చిన మా ఇంటావిడ ఆ మాటకు కాసేపు పలుకలేదు. జూదం వ్యసనాల వరుసలోని జబ్బేనని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పట్టికలోనూ ఉన్నది. అమెరికాలో 1957లో ఇద్దరు జూదరులు తమ గోడు చెప్పుకొంటూ మొదలుపెట్టిన సంఘం నేడు దేశదేశాలలో నడుస్తున్నది. మన ఇండ్లలో ఎవరికైనా అవసరమైతే 14416కు ఫోను చేయవచ్చును. అది ప్రభుత్వంవారి టెలిమానస్, తెలుగులోనూ మాట్లాడుతారు.

ఒక సాయంత్రం అనుమతి తీసుకొని కోటకు పోయినాము. జలకంఠేశ్వరుని గుడిలో శతాబ్దాలపాటు మూలవిరాట్టు లేదు; 1981లో సత్తువాచ్చేరి నుండి లింగాన్ని తెచ్చి నిలిపినారు. వాడు మంటపంలో కూర్చుని, "అన్నేండ్లూ గుడి ఊరకే ఉండినదా మామా?" అన్నాడు. అగడ్తమీద చీకటి పడేదాకా లేవలేదు.

తరువాత అప్పుల కాగితం పట్టుకొని గుడియాత్తం పోయినాము. 1954 ఉపఎన్నికలో కామరాజు గెలిచినది ఈ ఊరినుండే. అగ్గిపెట్టెలు, లుంగీలు ఇక్కడి పనులు. ఊరి నడుమ కౌండిన్య నది చాలాకాలం ఇసుకగానే ఉంటుంది, గాని 2021 నవంబరులో ఇండ్లలోకి వచ్చినది.

వాడు అన్నిటికన్నా భయపడినది కొట్టుకెదురు టీ బంకు అవ్వకు. ఆమెకు బాకీ నాలుగు వందలే. ఆమె గిన్నె తోముతూనే తమిళం కలిసిన తెలుగులో, "ఎక్కడ పోయినావు నాయనా? రాత్రులు నీ మిద్దెమీద లైటు లేదే, జ్వరమేమో అనుకొంటి" అన్నది. ఇన్నాళ్లూ ఆ లైటు చూచేవారొకరు ఉన్నారని వానికి తెలియదు. ఏడ్చినాడు. ఆమె టీ ఇచ్చి, దానికి డబ్బు అడిగే తీసుకొన్నది. బాకీ నెలకు నూరు చొప్పున ఇమ్మన్నది.

భార్య ఇంకా రాలేదు. వైశాఖిలో గంగమ్మ శిరసు ఉత్సవానికి బిడ్డతో వస్తానేమో చూస్తానన్నది. ఆ "ఏమో"ను వాడు మాతో పదిసార్లు చెప్పినాడు.

బస్టాండులో టిక్కెట్లకని మా ఇంటావిడ వాని చేతికి రెండువందల నోటిచ్చినది. ఇవ్వవలెనా అని మేము ఒక్క క్షణం తటపటాయించిన మాట నిజమే. తిరిగి వచ్చి చిల్లర లెక్కపెట్టి, "నలభై నాలుగున్నది, చూచుకో అత్తా" అన్నాడు. ఆమె చూడకుండానే కొంగున ముడి వేసుకొన్నది.