ఏ క్షణంలో చూసినా బాగానే

హబ్సిగూడలో నేనుండే గదికి ఉస్మానియా క్యాంపస్ దగ్గరే. వి. లక్ష్మీకాంతం 1957లో పీహెచ్‌డీ చేసింది అక్కడే. అవకలన సమీకరణాల స్థిరత్వం ఆయన జీవితకాలపు పని. ఆదివారాలు నేను ల్యాప్‌టాప్‌లో పెట్టుకునే లెక్కలూ ఆ దారిలోవే: కాలంతో మారిపోయే వ్యవస్థ చివరికి నిలుస్తుందా, చెదిరిపోతుందా?

ఇంజినీరింగ్‌లో నేర్పిన సూత్రం సులువు. మాట్రిక్స్ ఐగెన్ విలువల వాస్తవ భాగాలు రుణాత్మకమైతే భయం లేదు. మాట్రిక్స్ మారనంతవరకే ఆ భరోసా. 1960లో మార్కస్, యమాబే ఒక ఉదాహరణ చూపారు: ఏ క్షణాన ఆపి చూసినా ఐగెన్ విలువలు భద్రమే, అయినా ఒక పరిష్కారం అంతులేకుండా పెరిగిపోతుంది.

ఊళ్లో మా బాపు రోజూ ఫోన్‌లో "బానే ఉన్న బిడ్డా" అంటాడు. అబద్ధం కాదు. కానీ రెండేళ్లలో పొలం నుంచి అరుగు మీదికి, అరుగు నుంచి మంచంలోకి వచ్చాడు.

లియాపునోవ్ 1892లోనే క్షణాన్ని వదిలి దీర్ఘకాలపు వృద్ధిరేటును పట్టుకున్నాడు. దాన్ని లెక్కించడంలోనే ఉంది చిక్కు. వదిలేస్తే వెక్టర్లన్నీ వేగంగా పెరిగే దిశకే ఒరిగిపోతాయి. అందుకే కొన్ని అడుగులకోసారి క్యూఆర్ విభజనతో వాటిని మళ్లీ లంబంగా నిలబెట్టి, ఆర్ కర్ణం మీది సంఖ్యల లాగరిథమ్‌లు కూడి, గడిచిన కాలంతో భాగిస్తాం.

1978లో సాకర్, సెల్ సంఖ్యల బదులు అంతరాలు ఇచ్చారు. అవన్నీ సున్నాకి ఎడమవైపే ఉంటే చిన్న మార్పులకు ఆ స్థిరత్వం చెదరదు. సున్నా ఏదో ఒక అంతరంలో పడితే ఆ భరోసా ఉండదు.

"ఎట్లున్నవ్" తర్వాత ఇప్పుడు ఇంకోటి కూడా అడుగుతున్నాను, ఎంత దూరం నడిచావని. చెరువుకట్ట దాకా పోయానన్నాడు. ఎప్పుడంటే, పండక్కి ముందట.