దుంప నేర్పిన ఓర్పు

సామర్లకోటలోని మా పెరటి కుండీలో అమ్మ నాటిన మే పుష్పం దుంపలు మూడుండేవి. ఆమె గతించిన ఏడాది శీతకాలంలో వాటి ఆకులన్నీ పండి రాలిపోయాయి. మొక్కలనైనా దక్కించుకోవాలన్న ఆరాటంతో నిత్యమూ నీరు పోశాను.

“దుంప నిద్రపోతోంది నాయనా! ఇప్పుడు నీళ్లోస్తే కుళ్లిపోద్ది” అన్నారు పొరుగింటి మామ్మగారు. తవ్వి చూస్తే అప్పటికే ఒకటి కుళ్లింది. తన జన్మభూమియైన ఆఫ్రికాలో వానలేని కాలాన్ని దాటేందుకు ఆ మొక్క అలవరచుకున్న నిద్ర అది. మిగిలిన రెండింటినీ ఇసుక కలిపిన మట్టిలో, కొనలు పైకి కనిపించేలా నాటి, నీరు మానివేశాను. ఏమీ చేయక ఎదురుచూడటమే కష్టమైంది.

వేసవిలో తొలివాన పడ్డాక ఎర్రని పూబంతి లేచింది. కొద్దిరోజులకే వాడినా, వెంట వచ్చిన ఆకులు మరుసటి పువ్వుకై దుంపలో ఆహారం దాచాయి. ప్రేమకు ఆగడం కూడా తెలియాలని అమ్మ దుంపలే నాకు చెప్పాయి.