టేపు పట్టుకుని హాస్టల్‌కి వెళ్లాం

మాది సూర్యాపేట జిల్లా అనంతగిరి, కోదాడకు దగ్గర. మొన్న ఆషాఢంలో మా అమ్మాయికి హైదరాబాదులో ఎం.ఏ. సీటు వచ్చింది. సంతోషపడాల్సిన మాటే, కానీ ఇంట్లో ఎవరి నోటికీ స్వీటు దిగలేదు. మా పిల్లకి చిన్నప్పటి నుంచీ చక్రాల కుర్చీయే కాళ్లు. డిగ్రీ వరకూ ఇంట్లో ఉంచుకునే చదివించాం. "చదివింది చాల్లేమ్మా, అక్కడ దానికి స్నానం చేయించేదెవరు?" అంది మా అత్తయ్య. "హాస్టల్ చూసొచ్చి చెప్తాం అత్తయ్యా" అని, కుట్టుమిషను సొరుగులోని టేపు సంచిలో వేసుకుని తమ్ముడి కారులో బయల్దేరాం.

సూర్యాపేటలో ఇడ్లీలు తిని మళ్లీ కారెక్కాక అమ్మాయి ఒక సంగతి చెప్పింది. అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అనే ఆయనకి పద్నాలుగో ఏట పోలియో వచ్చి మెడ కింద దాదాపు అంతా చచ్చుబడిందట. రాత్రిళ్లు ఊపిరి ఆడటానికి పెద్ద ఇనుప యంత్రంలో పడుకోవాలి. 1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరితే ఆ యంత్రం పట్టే హాస్టల్ గది దొరకలేదు. చివరికి క్యాంపస్ ఆసుపత్రిలోని వార్డునే ఆయనకు గదిగా ఇచ్చారట. తర్వాత అలాంటి విద్యార్థులు మరికొందరు అక్కడికే వచ్చి చేరారు. "సీటు కంటే గది దొరకడమే కష్టమమ్మా" అంది.

హైదరాబాదు చేరాక కాస్త చుట్టు తిరిగి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ చూశాం. 1939లో ప్రారంభించిన రాతి భవనం, ఎంత అందమో! నా కళ్లు మాత్రం ముందున్న మెట్ల మీదే ఉన్నాయి. ఆ రోజుల్లో మెట్లంటేనే దర్జా కదా.

ఇప్పుడు చట్టం మారింది. 1995 చట్టంలో 3 శాతంగా ఉన్న సీట్లు 2016 చట్టంతో 5 శాతం అయ్యాయి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లకి ప్రభుత్వ, ప్రభుత్వ సాయంతో నడిచే ఉన్నత విద్యాసంస్థల్లో ఇవి వర్తిస్తాయి. భవనాలు అందరికీ అనువుగా ఉండాలనే నియమాలు ఉత్త సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో నివేదిక ఇచ్చింది మన హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లే.

ఇక హాస్టల్ సంగతి. మొదట చూపించిన దాంట్లో (పేరెందుకు లెండి) గది బాగానే ఉంది. టేపు తీసి కొలిస్తే బాత్రూం తలుపు 24 అంగుళాలు, మా కుర్చీ 25! "ఒక ఆయాని పెట్టుకోండి, ఎత్తుకెళ్తుంది" అన్నారు. అమ్మాయి ముఖం చిన్నబోయింది.

రెండోచోట కింది అంతస్తులోనే గది. ర్యాంపు ఏటవాలుగా, నింపాదిగా ఉంది. ఎత్తు ఒక అడుగైతే ర్యాంపు పొడవు 12 అడుగులుండాలి సుమండీ, లేకపోతే ఎక్కలేరు. బాత్రూం తలుపు మూడడుగులు. లోపల కుర్చీ తిప్పుకునే చోటుంది, కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీలున్నాయి. మెస్సుకి దారిలో ఒక్క మెట్టూ లేదు. అమ్మాయి లోపలికెళ్లి గడియ వేసుకుంది. ఇరవై ఒక్కేళ్లలో బాత్రూం గడియ తను వేసుకోవడం అదే మొదటిసారి. నేను బయట నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే సీటు రాగానే హాస్టల్‌కి స్వయంగా వెళ్లండి. తలుపులు, గడపలు, మంచం ఎత్తు, స్విచ్చులు చేతికందుతాయో లేదో చూడండి. లిఫ్టు ఉందంటే సరిపోదు, కరెంటు పోతే ఏం చేస్తారో అడగండి.

ఇంటికి రాగానే మా బాత్రూం తలుపు కూడా కొలిచాను. అదీ 24 అంగుళాలే! ఇన్నేళ్లూ ఎత్తుకెళ్లడమే అలవాటై, తలుపు మార్చాలన్న ఆలోచనే నాకు రాలేదు. మేస్త్రీకి కబురు పెట్టాం. దసరా సెలవులకి పిల్ల వచ్చేలోపు పని అయిపోవాలి.