సైకిల్ కిరాయి

ఏటా జూన్ 11 సాయంత్రం మేము మా పాత ఆశ్రమ పాఠశాల గ్రౌండులో కలుస్తాం. ఒకటి రెండు రోజుల్లో బడులు తెరుస్తారు. తునికాకు పని అయిపోయి తొలకరి కోసం ఆకాశం చూసే రోజులవి. భద్రాచలం ఏజెన్సీలో నాలుగైదు గూడేలకు చెందిన కోయవాళ్ళం మేము. అందరమూ యాభై దాటినవాళ్ళమే. ఇద్దరు పంతుళ్ళు, ఒకరు ఫారెస్టు ఉద్యోగి, ఒకరు బస్సు కండక్టరు, మిగిలినవాళ్ళది సేద్యం. బంతి తన్నడం మొదలుపెట్టిన పది నిమిషాలకే ఆయాసం వస్తుంది. అంతకుముందు ఒక నిమిషం మౌనంగా నిలబడతాం. మాలో ఎవరమూ చూడని మనిషి కోసం.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో బడిపంతులు. చదువుకునే రోజుల్లో తానూ ఫుట్‌బాల్ ఆడారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్‌గా ఉన్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు తెచ్చింది. భారత జట్టును తీర్చిదిద్దిందీ ఆయనే. 1963 జూన్ 11న కేన్సర్‌తో పోయారు. అప్పటికి మేము పుట్టనే లేదు.

మాకు ఆయన్ని చూపించింది మా పీఈటీ సారు. సారు వాళ్ళ నాన్న హైదరాబాద్‌లో కానిస్టేబులు. పోలీసు జట్టు ప్రాక్టీసు చేస్తుంటే చిన్నప్పుడు సారు గోలు వెనక నిలబడి, బయటికి పోయిన బంతులు అందించేవారట. 1980ల్లో బదిలీ మీద మా బడికి వచ్చారు. అప్పటికి మాకు బంతి అంటే చింకి గుడ్డల ఉండ మీద సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగినది. గోలుకు వెదురు బొంగులు. కాళ్ళకు ఏమీ లేవు. సారు తోలు బంతి తెచ్చిన రోజు దాన్ని ఎవరమూ తన్నలేదు. చేతులు మార్చుకుంటూ వాసన చూశాం.

రాత్రి అన్నాలయ్యాక వరండాలో కూర్చోబెట్టి రహీం సాబ్ కథలు చెప్పేవారు. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతో దిగారు. యుగోస్లావియా పది గోల్స్ కొట్టింది, మనవాళ్ళు ఒకటి. అది విని మేమంతా మా కాళ్ళ వంక చూసుకున్నాం. సారు అది గమనించారు. వెంటనే ఇంకో సంగతి చెప్పారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత జట్టుకు మొదటి కెప్టెన్ తాలిమెరెన్ ఆవో, నాగా ఆదివాసీ, డాక్టరు చదువు చదివినవాడు. ఆ జట్టులోనూ ఎక్కువమందివి ఉత్తకాళ్ళే. ఫ్రాన్స్‌తో 2-1 తేడాతోనే ఓడారు. దేశం జట్టును నడిపింది మనలాంటివాడని తెలిసి, ఆ రాత్రి మాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

రహీం సాబ్ పిల్లలకు పెట్టే పోటీల్లో ఒకటి, బలం తక్కువైన కాలితోనే ఆడాలనడం. సారు మాకూ అదే పెట్టారు. నెల రోజులు అందరమూ నవ్వులపాలయ్యాం. మా జట్టులో ఒకడికి మాత్రం రెండు కాళ్ళూ సమానమయ్యాయి. బంతి ఎటు నుంచి వచ్చినా వాడికి ఒకటే.

సారు ఎక్కువసార్లు చెప్పింది జకార్తా కథ. 1962 సెప్టెంబరు 4, ఆసియా క్రీడల ఫైనల్, ఎదుట దక్షిణ కొరియా. లీగులో మనల్ని 2-0తో ఓడించిన జట్టే అది. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత అధికారి ఒకరు తప్పుపట్టారు. అందుకని ఊరంతా మన మీద మండిపడుతోంది. స్టేడియంలో దాదాపు లక్షమంది, అందరూ మనకు ఎదురే. రహీం సాబ్‌ను అప్పటికే జబ్బు తినేస్తోంది. డిఫెన్సులో ఆడే జర్నైల్ సింగ్‌కు తలకు కుట్లు పడ్డాయి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టకుండా ముందు వరసలోకి పంపారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ కట్టు తలతో జర్నైల్ ఒక గోలు కొట్టారు. 2-1తో బంగారు పతకం మనది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మళ్ళీ బంగారం రాలేదు. తొమ్మిది నెలలకు ఆయన లేరు.

మేము అడిగి చెప్పించుకున్న కథ మాత్రం వేరు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి పిల్లవాడు ఉండేవాడు. రహీం సాబ్ అతని ఆట చూసి ప్రాక్టీసుకు రమ్మన్నారు. రోజూ హైదరాబాద్ దాకా వచ్చిపోవడానికి డబ్బులు లేవన్నాడు. కిరాయి సైకిల్ తీసుకోమని రోజుకో రూపాయి ఇచ్చారట. ఆ బలరామే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, ఆ తర్వాత రోమ్‌లో, జకార్తాలో ఆడాడు. మెల్‌బోర్న్‌లో మన జట్టు నాలుగో స్థానం దాకా పోయింది.

రూపాయి అనగానే మాకు లెక్క తెలిసేది. బస్సు చార్జీ లేక పండగకు ఇంటికి పోనివాళ్ళం మేము.

సారు బదిలీ అయిపోయిన ఏడాది, రెండు కాళ్ళవాడు జిల్లా సెలక్షన్‌కు పోయాడు. సారు ఉంటే వెంట వెళ్ళేవారు. వాడు ఒక్కడే లారీ పట్టుకుని పోయాడు. బూట్లు లేవని అక్కడివాళ్ళు వరసలోంచి పక్కకు నిలబెట్టారు. సాయంత్రం దాకా నిలబడి తిరిగొచ్చాడు. ఏమైందని అడిగితే, "అక్కడ నేల గట్టిగుంది" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. తర్వాత చదువూ ఆగింది. మిర్చి కోతలకు, తునికాకుకు తిరిగాడు. ఇప్పుడు జూన్ 11న మా ఆటకు విజిల్ ఊదేది వాడే. బంతి మాత్రం తన్నడు.

సారు పోయి పదేళ్ళు దాటింది. ఆ ఏడాది నుంచే మేము ఇలా కలవడం మొదలుపెట్టాం. 2023 ఫిబ్రవరిలో బలరాం కూడా పోయారు. మరుసటి ఏడు రహీం సాబ్ మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వస్తే ఫోనులో అందరం కలిసి చూశాం. చూసి ఏడ్చినవాళ్ళూ ఉన్నారు. అప్పుడు విజిల్ వాడు మెల్లగా అడిగాడు: "మీకు జీతాలొచ్చి ఎన్నేళ్ళయింది? ఎవరికన్నా సైకిల్ కిరాయి ఇచ్చార్రా?"

ఎవరమూ మాట్లాడలేదు. మాలో ఇద్దరు పంతుళ్ళు. వాళ్ళ బళ్ళలోనూ ఉత్తకాళ్ళతో బంతి తన్నే పిల్లలున్నారు. మా చేతిలో ఒక రూపాయి మిగలని కాలం కాదు ఇది. ఏటా నిమిషం మౌనం పాటించి, ఆయన చేసిన పని మాత్రం మేము మరిచాం. మమ్మల్ని వెతుక్కుంటూ ఎవరూ రాలేదని ముప్పై ఏళ్ళు చెప్పుకున్నాం. మేమూ ఎవర్నీ వెతకలేదు.

పోయిన జూన్‌లో మేము ఆడుతుంటే హాస్టలుకు ముందే వచ్చిన నలుగురు ఆడపిల్లలు గట్టు మీద కూర్చుని చూశారు. బంతి బయటికి పోతే ఒక పిల్ల లేచి ఎడమకాలితో తన్నింది. నేరుగా కండక్టరు కాళ్ళ దగ్గర పడింది. "ఏ ఊరు బిడ్డా?" అని అడిగాడు. చెప్పింది. బస్సు లేని గూడెం. సెలక్షన్‌కు పోతావా అంటే, "ఎట్ల పోవాలె మామా?" అంది.

విజిల్ వాడు పాత పేపరు నేల మీద పరిచాడు. ఆ పిల్లను దాని మీద నిలబడమని, పాదం చుట్టూ పెన్సిలుతో గీశాడు. తర్వాత రెండో పాదం. పేపరు మడిచి జేబులో పెట్టుకుని మా వైపు చెయ్యి చాపాడు. అందరమూ జేబులు తడుముకున్నాం.