గుడారమునకు వెల

భూమి అడుగున పనిచేయువానికి ఆకాశముపై మక్కువ ఎక్కువ. గోదావరిఖనిలో బొగ్గుగనిని జనులు 'బాయి' అందురు. బాయిలోనికి దిగిన కార్మికుడు షిఫ్టు ముగియువరకు తలదీపపు వెలుతురులోనే మసలవలెను. పైకి వచ్చిన పిమ్మట ఒకవైపు రామగుండము విద్యుత్కేంద్రపు పొగగొట్టములును, మరియొకవైపు ఓపెన్‌కాస్టు గనుల మట్టిదిబ్బలును కంటికి అడ్డుపడును. కావున నాలుగు దినములు సెలవు దొరికినచో చెట్టునీడను, నీటియొడ్డును వెదకికొనుట అతనికి విలాసము గాదు; అది అన్నమువలెనే అవసరము. ఆ నాలుగు దినముల వ్యయము ఏటేట పెరుగుచున్నది. "ఇంత పెట్టి ఇక్కడ తిరుగుటకంటె విదేశమునకే పోవచ్చును గదా" యను మాట క్వార్టర్ల వాకిళ్ళలో వినవచ్చుచున్నది. ఆ మాటలో నిజమెంత, పొరపాటెంత యని విచారింపదగును.

1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున బొగ్గుపొరలను గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు ఏర్పడెను. నేడు ఆ కంపెనీలో నూటికి 51 పాళ్ళు తెలంగాణ ప్రభుత్వమునకును, 49 పాళ్ళు కేంద్ర ప్రభుత్వమునకును చెందియున్నవి. గనులు గోదావరీతీరమున విస్తరించిన కొలది చుట్టుపట్ల పల్లెలనుండి రైతులు, కూలీలు, చేతివృత్తులవారు బాయిపనికి వచ్చి పట్టణవాసులైరి. వారు ఊరు మార్చిరి గాని విహరించు పద్ధతిని చాలకాలము మార్చలేదు. సెలవు అనగా వారికి జాతర. జాతర యనగా గుడారము.

ఆరుబయట గుడారము వేసికొని దినములు గడపుట తెలుగువారు క్రొత్తగా నేర్చిన విద్య గాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణమునుండి పరివారముతోను డేరాలతోను బయలుదేరి, హైదరాబాదు, నిర్మల మీదుగా ఉత్తరదేశమునకు సాగి, పదునైదు నెలలకు పైగా పయనించి కాశీయాత్ర ముగించెను. ఏ మజిలీలో ఏ వస్తువు దొరకునో, ఎచ్చట నీరు మంచిదో ఆయన తన 'కాశీయాత్ర చరిత్ర'లో వ్రాసియుంచెను. దారిఖర్చులెరిగి దారి నడచుట ఆనాటి యాత్రికుని మొదటి నేర్పు.

ములుగు జిల్లా తాడ్వాయి మండలములోని మేడారమున రెండేండ్ల కొకసారి మాఘమాసమున సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. భక్తులు జంపన్నవాగులో స్నానమాడి, 'బంగారము' అని పిలువబడు బెల్లమును గద్దెలయొద్ద సమర్పింతురు. వెనుకటి దినములలో బొగ్గుబావుల జనులు ఎడ్లబండ్లమీద అచ్చటికి పోయెడివారు. బియ్యము, పప్పు, చింతపండు, కారము ఇంటినుండియే మూటగట్టుకొనెడివారు. నాలుగు గుంజలు పాతి పాతదుప్పటి పైన కప్పిన అదియే గుడారము. మూడు రాళ్ళు పేర్చిన అదియే పొయ్యి. బెల్లమునకును కోడికిని తప్ప చేతిలోని డబ్బు విప్పవలసిన పని యంతగా లేకుండెను.

ఇప్పుడట్లు గాదు. జాతర దినములలో గుడారము వేయు చోటికి అద్దె, కప్పుటకు అద్దె, బండి నిలుపుటకు రుసుము, త్రాగునీటికి వెల. ఆ సమయమున కోడివెల సామాన్య దినములకంటె ఎంతయో ఎక్కువగును. జాతర లేని దినములలో విహారము కోరువారికి కాకతీయుల నాటి లక్నవరము చెరువున కుటీరములును, ఊయలవంతెనయు ఏర్పడినవి. చెరువుల యొడ్డునను, అడవుల యంచులను అద్దెకిచ్చు గుడారములలో పరుపు, దీపము, కాపలా, భోజనము అన్నియు ఉండును. అన్నిటికిని వెల యుండును. వెనుకటి గుడారము మోసికొనిపోవునది. నేటి గుడారము కొనుక్కొనునది. పేరు ఒకటియే గాని వస్తువు వేరు.

గోదావరిఖనిలోని ఒక కార్మికుని యింట 2024 దసరాకు ముందు ఈ చర్చయే జరిగెను. ఆ యేడు కంపెనీ లాభములో విస్తరణకు తీసియుంచినది పోగా మిగిలినదానిలో 33 పాళ్ళు, అనగా 796 కోట్ల రూపాయలు, కార్మికులకు పంచబడెను. సగటున ఒక్కొక్కరికి సుమారు 1.90 లక్షల రూపాయలు వచ్చెను. పదేండ్ల కుమారుడు, "బాపూ, మనము థాయిలాండు పోదామే! విమానము ఎక్కుదామే!" అని పట్టుపట్టెను. పనినుండి విరమించిన తాత లక్నవరమును, రామప్పగుడిని చూడగోరెను. తండ్రి ఎటును తేల్చుకొనలేక ఎనిమిదవ తరగతి చదువు కుమార్తె చేతికి కాగితమిచ్చి, "బిడ్డా, రెండును లెక్కకట్టుము. లెక్క ఏది చెప్పిన అది చేయుదము" అనెను.

ఆ బాలిక మొదట వ్రాసిన లెక్క తమ్మునికే అనుకూలముగా తోచెను. దసరావారములో మంచి బసకు ఒక దినమునకగు ఖర్చు, విదేశయాత్ర ప్రకటనలోని ఒక దినపు ఖర్చుకంటె తక్కువగా లేదు. రామప్ప నూరు కిలోమీటర్లకు అటునిటుగా నున్నది. హైదరాబాదునుండి బ్యాంకాకు విమానమార్గమున సుమారు 2,400 కిలోమీటర్లు. దగ్గరిదానికి ఎక్కువయు, దూరపుదానికి తక్కువయు ఎట్లగును?

వెల దూరమునుబట్టి మాత్రమే ఏర్పడదు. ఉన్న గదులెన్ని, వాటిని కోరువారెందరు అనుదానినిబట్టియు ఏర్పడును. దసరాకు బడులకు సెలవులు ఒకేసారి వచ్చును. కార్మికుల చేతికి డబ్బును ఒకేసారి వచ్చును. కొలదిపాటి బసలున్న చెరువుగట్టుమీదికి వేలకొలది జనులు అదే వారములో పోయినచో అద్దె పెరుగక తప్పదు. విదేశములలోని పెద్ద విహారస్థలములందు లెక్కకు మించిన గదులు కట్టబడియున్నవి. అవి ఖాళీగా నుండుటకంటె తక్కువ ధరకైనను నిండుట మేలని యజమానులు తలంతురు. పైగా థాయిలాండు 2023 నవంబరునుండియు, మలేషియా 2023 డిసెంబరునుండియు భారతీయులకు వీసా లేకయే ప్రవేశము కల్పించినవి. అతిథి వచ్చినచో తమ దేశమున వ్యాపారము సాగునని వాటి ఆలోచన.

గుంపుగా పోవుటయు ఒక కారణమే. 1841 జులై 5వ తేదీన ఇంగ్లండులో టామస్ కుక్ అనునతడు రైలుకంపెనీతో ముందుగా మాటలాడుకొని, లెస్టరునుండి లఫ్‌బరోకు సుమారు 500 మందిని తలకొక్క షిల్లింగునకే తీసికొనిపోయి తీసికొనివచ్చెను. విడివిడిగా కొనువానికంటె కలిసి కొనువారికి చౌక యని ఆ ప్రయాణము చాటినది. నేటి విదేశయాత్రల ప్రకటనలన్నిటికిని అదియే మూలసూత్రము.

ఇక పన్ను. దినమునకు 1,000 రూపాయలవరకు అద్దెగల గదులకు 2022 జులై 17 వరకు జి.ఎస్.టి. లేదు, మరునాటినుండి నూటికి 12 వంతున ఏర్పడెను. ఆ లెక్కను 2,000 రూపాయల గదికి 240 రూపాయలు పన్నగును. 2025 సెప్టెంబరు 22నుండి 7,500 రూపాయలవరకు గల గదులకు పన్ను నూటికి 5కు తగ్గింపబడెను. అదే గదికి పన్ను 100 రూపాయలైనది. తగ్గుట మంచిదే. కాని పన్ను తగ్గినంత మాత్రమున పండుగనాటి రద్దీ తగ్గదు. రద్దీ తగ్గనిచో అద్దెయు తగ్గదు.

ఆ బాలిక తన లెక్కను మరల చూచెను. ఒక దోషము కనబడెను. స్వదేశపు వెల పండుగవారమునాటిది. విదేశపు వెల పండుగ లేని నెలలకై ముందుగా ప్రకటింపబడినది. అదియుగాక ప్రకటనలోని మొత్తము ఒక్క మనిషికి మాత్రమే. ఇంటిలో ఐదుగురు. పాస్‌పోర్టులకు తలిదండ్రులకు 1,500 వంతునను, వృద్ధుడగుటచే నూటికి పది తగ్గింపుతో తాతకు 1,350, పిల్లలిద్దరికి 1,000 వంతునను, మొత్తము 6,350 రూపాయలు కావలెను. హైదరాబాదు విమానాశ్రయమువరకు ప్రయాణము, అచ్చటి చిల్లరఖర్చులు వేరు. ఇవన్నియు చేర్చి, పండుగ లేని దినములనే రెండిటికిని తీసికొనిన పిమ్మట, దగ్గరి యాత్ర విదేశయాత్రలో కొలదిభాగమునకే పూర్తియగునని తేలెను. దూరపు కొండలు నునుపని పెద్దలన్న మాట ధరల విషయమునను నిజమే.

తాత సంతోషించి, "మా కాలములో గుడారమునకు పైసా ఖర్చు లేకుండెను. అట్లే పోదము" అనెను. అంతవరకు మాటలాడని తల్లి అప్పుడు, "మామా, ఖర్చు లేకపోవుటకు కారణము అత్తమ్మ. నీళ్ళు మోసినది, కట్టెలు తెచ్చినది, పొగలో వండినది ఆమె. ఆ కష్టము ఏ లెక్కలోను వ్రాయలేదు" అనెను. తాత కొంతసేపు పలుకలేదు. ఆ మాట నిజము. వెనుకటి గుడారపు చౌకదనములో స్త్రీల చాకిరి దాగియుండెను. నేటి అద్దెలో కొంతభాగము ఆ చాకిరికి చెల్లించు వెలయే. మరుగుదొడ్డి, స్నానపుగది, రాత్రివేళ దీపము అనునవి స్త్రీలకు విలాసములు గావు. ఖర్చు తగ్గింపవలెనన్నచో పని అందరును పంచుకొనవలెను.

విదేశమను మాటకు ఆ యింటిలో మరియొక అర్థమును గలదు. పిల్లల మేనమామ దుబాయిలో కట్టడపు పనికి పోయియుండెను. ఉత్తర తెలంగాణ పల్లెలనుండి గల్ఫు దేశములకు కూలికి పోయినవారు తమ బసను 'క్యాంపు' అందురు. ఒక గదిలో అనేకులు, ఒకదానిపై నొకటిగా మంచములు. ఒకనికి విదేశము విహారము. ఒకనికి విదేశము చెమట. విమానము ఎక్కుటయే గొప్ప యను కుమారునితో తల్లి, "మీ మామ కూడ విమానమే ఎక్కెను బిడ్డా" అని మాత్రము చెప్పెను.

ప్రక్కవాడలో ఒక కాంట్రాక్టు కార్మికుని కుటుంబముండెను. ఆ యింటి బాలిక ఈ బాలికతో ఒకే బెంచిమీద కూర్చొనునది. 2024లో కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారిగా 5,000 రూపాయల బోనసు లభించెను. ఒకే కంపెనీ గనులను నమ్ముకొని బ్రతుకు రెండిళ్ళు. ఒక యింటిలో బ్యాంకాకా, లక్నవరమా యను చర్చ, రెండవ యింటిలో దసరాకు కొత్తబట్టలా, బాకీయా యను చర్చ. గుడారము సైతము కొనదగిన వస్తువైనప్పుడు దానికి దూరమగువారు ఇట్టివారే. విదేశము చౌకయా, స్వదేశము చౌకయా యని తర్కించువారికి రెండింటిలో ఒకటైనను దొరకును. రెండును అందనివారి పిల్లలు తమకు చేరువనున్న రామప్పగుడిని పాఠ్యపుస్తకపు బొమ్మలో మాత్రమే చూతురు.

బాలిక ఈ మాటను తండ్రితో చెప్పెను. తండ్రి కొంత ఆలోచించి దసరాయాత్ర మానెను. కార్తికమాసములో ఒక శని ఆదివారములు చూచుకొని రెండు కుటుంబములును వనభోజనమునకు కలిసి బయలుదేరెను. ఆర్టీసీ బస్సులలో 2023 డిసెంబరు 9నుండి స్త్రీలకు, బాలికలకు ఉచిత ప్రయాణము ఏర్పడియుండుటచే టికెట్లు మగవారికే కొనవలసివచ్చెను. బియ్యము ఒక యింటిది, కూరగాయలు రెండవ యింటివి. అడవిలో అనుమతి లేక బస చేయరాదు గనుక, పాలంపేట సమీపమున బంధువుల మామిడితోటలో, బావియు మరుగుదొడ్డియు ఉన్నచోట, తాటిపత్రి కట్టి గుడారము వేసికొనిరి. నీళ్ళు తండ్రులు తోడిరి. తాత పొయ్యి వెలిగించెను. అన్నము కొంత మాడెను గాని ఎవరును వంక పెట్టలేదు.

మరునాడుదయమున అందరును రామప్పగుడికి పోయిరి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ దేవాలయము 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను. శిఖరమునకు వాడిన ఇటుకలు నీటిలో తేలునంత తేలికయని విని పిల్లలు ఆశ్చర్యపడిరి. కాంట్రాక్టు కార్మికుడు నల్లరాతి స్తంభముపై చెక్కడములను చేతితో తాకక, కన్నులతోనే చాలసేపు చూచెను. రాయి పగులగొట్టు పనివాడు గనుక ఆ పనితనపు విలువ అతనికి ఇతరులకంటె ఎక్కువగా తెలిసెను.

ఆ యాత్రతో కుమారుని కోరిక తీరలేదు. విమానము ఎక్కవలెనని అతడు నేటికిని అనుచునే యున్నాడు. అది తప్పుకోరికయు గాదు. ప్రపంచమును చూడగోరుట చదువుకొను పిల్లలకు సహజము. తల్లి అతని పేర పోస్టాఫీసులో నెలనెల కొంత సొమ్ము వేయుచున్నది.

యాత్రకు బయలుదేరువారు మూడు సంగతులను విచారింపవలెను. పోల్చిన రెండు ధరలును ఒకే కాలమునకు చెందినవియా? లెక్కలో వ్రాయని కష్టము ఎవరిది? ఆ వెలకు వెలుపల నిలిచిపోవువారెవరు? చెరువుగట్లయందు శుభ్రమైన నీరు, మరుగుదొడ్లు, దీపములు గల బయళ్ళను ప్రభుత్వమును పంచాయతీలును స్వల్ప రుసుముపై ఏర్పరచినచో మొదటి రెండు ప్రశ్నలకు కొంత, మూడవ ప్రశ్నకు చాలవరకు సమాధానము దొరకును. అంతవరకు సెలవుదినములను పొరుగువారితో పంచుకొనుట బొగ్గుబావుల జనులు పల్లెలనుండి తెచ్చుకొనిన మంచి అలవాటు; దానిని నిలుపుకొనుటకు డబ్బు అంతగా అక్కరలేదు.